నేను చంపని తేళ్ళు

4 ఫిబ్రవరి 1986, కరీంనగర్

ఇవాళ కూడా తేలే గెలిచింది. స్కోరు రాయను. సైన్సు పరువు పోతుంది.

మైనం ట్రే సిద్ధం. తీసిన నరాన్ని బతికించే రింగర్ ద్రావణం సిద్ధం. ఎలక్ట్రోడు, ఆంప్లిఫయరు, ఆసిలోస్కోపు సిద్ధం. ఐసు డబ్బాలో చల్లబడి మత్తుగా పడుకున్న నల్లతేలు సిద్ధం. మహారాజశ్రీ రీసెర్చి స్కాలర్ హనుమండ్లు గారు మాత్రం సిద్ధంగా లేరు. కత్తెర తేలు మెడ దాకా పోయింది. తేలుకు మెడ ఉండదు. ఉంటే ఎక్కడుండేదో అక్కడి దాకా పోయింది. పోయి ఆగింది. ఆగి వెనక్కి వచ్చింది.

తేలును మళ్ళీ డబ్బాలో వేసి, రిజిస్టరులో 'ప్రిపరేషన్ ఫెయిల్డ్. నర్వ్ డ్యామేజ్' అని రాశాను. డ్యామేజ్ అయిన నర్వ్ ఎవరిదో రాయలేదు.

పక్క టేబుల్ భూపాల్‌రావు కప్పల మీద పరిశోధన చేస్తాడు. వాళ్ళింట్లో రెండు ట్రాక్టర్లున్నాయి. మంచివాడే, అదే బాధ. టీ తాగకముందే రెండు కప్పలను పైకి పంపి, చేతులు కడుక్కుని, నా దగ్గరికి వచ్చాడు. ఏం రా హనుమండ్లూ, తేలును కోస్తున్నవా, తేలుకు మొక్కుతున్నవా అని అడిగాడు. రెండూ ఒక్కసారే అయ్యే పద్ధతి కనిపెడుతున్న, నోబెల్ వస్తే నీకో కప్ప కొనిపెడ్త అన్నాను. ల్యాబంతా నవ్వింది.

నవ్వుతున్నవాళ్ళు నా చేతుల వైపు చూడరు. చూస్తే వణుకు కనిపించేది.

9 ఫిబ్రవరి

కారణం రాసిపెట్టుకోవాలి. సైంటిస్టును కదా.

మాది వేములవాడ దారిలో ఒక మగ్గాల ఊరు. మా బాపు అంజన్న ఒక షెడ్డులో సాంచలు నడుపుతాడు. సాంచ అంటే పవర్‌లూమ్. దాని చప్పుడులో పుట్టి పెరిగినవాళ్ళం కాబట్టి మా ఇంట్లో అందరం అరుచుకునే మాట్లాడుకుంటాం. ఎవరినైనా తేలు కుట్టిందంటే మాత్రం బాపు సాంచ బంద్ చేసి బయటికి వస్తాడు. సేటు కూడా కిక్కురుమనడు. సేటు తల్లికి కూడా బాపే విషం దించాడు.

తేలుమంత్రం. వేపమండ పట్టుకుని పైనుంచి కిందికి దిగదుడుస్తూ, ఏడిదాక దిగింది, మోచేతి దాక దిగిందా, మణికట్టు దాక దిగిందా అని అడుగుతూ ఉంటాడు. కాసేపటికి దిగిందంటారు. పైసా ముట్టడు. వాళ్ళ ఇంట్లో చాయ్ కూడా తాగడు.

మంత్రానికి కట్టుబాట్లున్నాయి. డబ్బు ముట్టవద్దు. పొట్లకాయ తినవద్దు. తేలును చంపవద్దు. చంపితే మంత్రం చచ్చిపోతుంది.

ఎనభైలో పెద్ద సూర్యగ్రహణం వచ్చింది. ఊరంతా తలుపులేసుకుని కూర్చుంటే, బాపు నన్ను తీసుకుపోయి వాగులో మోకాలి లోతు నీళ్ళలో నిలబెట్టి చెవిలో మంత్రం చెప్పాడు. అప్పుడు నేను ఇంటర్ సెకండియర్. లోపల నవ్వుకున్నాను. బాపు ఇంకో మాట చెప్పాడు. ఇగ సంది నీది నాది ఒక్కటే తాడు రా, నీ కాడ తెగితే నా కాడ గూడ తెగుతది అని.

తర్వాత బీయస్సీ జువాలజీ. ఎమ్మెస్సీ ఫస్టు క్లాసు. తర్వాత ఫెలోషిప్. ఈ భూమ్మీద ఇన్ని రకాల జీవులుండగా మా గైడ్ పరిశోధన తేలు నాడీమండలం మీద.

మంత్రాన్ని నమ్ముతానా? నమ్మను. ఫస్టు క్లాసు వచ్చినవాణ్ని. నల్లతేలు కుడితే మంత్రం వేసినా వేయకపోయినా పూటకో రెండు పూటలకో తగ్గుతుంది.

మరి కత్తెర ఎందుకు ఆగుతుంది?

13 ఫిబ్రవరి

ఫెయిలైన ప్రిపరేషన్లను కాలేజీ బిల్డింగు వెనుక గుట్ట దగ్గర వదిలేస్తున్నాను. రాళ్ళ సందుల్లోకి హాయిగా పోతున్నాయి. సైకిల్ స్టాండులో ఈ నెలలోనే మూడు తేళ్ళు కనిపించాయని వాచ్‌మన్ నాగయ్య ప్రిన్సిపాల్‌కు కంప్లయింట్ చేశాడు. కాలం మారిందని నేను కూడా విచారం వెలిబుచ్చాను.

20 ఫిబ్రవరి

పట్టుబడ్డాను.

సాయంత్రం గుట్ట దగ్గర డబ్బా మూత తీసి, పోండ్రి తల్లీ, మళ్ళ కలువొద్దు మనం అని సాగనంపుతుంటే వెనుక నుంచి, కాయ్ రే హనుమండ్లూ, గిదేనా నీ నర్వ్ డ్యామేజ్ అని వినబడింది.

లీలాబాయి మేడం. మా గైడ్. ఆదిలాబాద్ మనిషి. జిన్నింగ్ మిల్లులో పత్తి తూకం వేసే గుమాస్తా బిడ్డ. కోపం వస్తే తెలుగులోంచి మరాఠీలోకి దిగిపోతుంది. డిపార్టుమెంటు మొత్తానికి ఒక్కతే ఆడమనిషి. బొంబాయిలో మెదడు మీద పీహెచ్‌డీ చేసింది. అక్కడ చేరిన కొత్తలో ఎలక్ట్రోడు ముట్టుకోనివ్వకుండా గాజుసామాను కడిగించారట. నేను చేరడానికి వచ్చిన రోజు హెడ్ సారు నా ముందే ఇంగ్లీషులో, మగ్గం ఇంటి నుంచి వచ్చినవాడు ఇంత సున్నితమైన పని పట్టుకోగలడా అని అన్నారు. మేడం, అయితే నేను గాజుసామాన్లు కడుగుత, వాణ్ని కూర్చోనియ్యండ్రి అన్నది. తెలుగులోనే అన్నది, నాకు వినబడాలని.

అలాంటి మనిషి ముందు ఖాళీ డబ్బాతో నిలబడ్డాను. నా దగ్గర ఎప్పుడూ నాలుగైదు జోకులు రెడీగా ఉంటాయి. ఒక్కటీ బయటికి రాలేదు. బాపు, వాగు, ఒక్కటే తాడు, అంతా చెప్పేశాను. ఫెలోషిప్ పోయింది, సాంచల షెడ్డులో నాకో జాగా చూసుకోవాలి అనుకుంటూ చెప్పాను.

మేడం నవ్వలేదు. మూఢనమ్మకం అని కూడా అనలేదు. నువ్వేం చదువుతున్నవో మీ బాపుకు తెలుసునా అని అడిగింది. తెల్వదన్నాను. రేపు ఎనిమిదింటికి రా, అంతకు ముందు ల్యాబు గడప తొక్కొద్దు అని వెళ్ళిపోయింది.

21 ఫిబ్రవరి

ఎనిమిదింటికి వెళ్ళేసరికి ట్రేలో నాడి ఉంది. తెల్లగా, సన్నగా, ముడులు ముడులుగా, ద్రావణంలో తేలుతూ. పైన తడిగుడ్డ. మిగతా తేలు ఎక్కడా లేదు.

మేడం చేతులు తుడుచుకుంటూ, చంపుడు నా పని, నీ పని నరం కాడికెల్లి షురూ, నీ మంత్రం నీ కాడ ఉండనియ్యి అన్నది. కోడిగుడ్డు కూడా తినని మనిషి.

ఎలక్ట్రోడు ఆనించాను. స్పీకరు ఆన్ చేశాను. పెనం మీద జొన్నలు పేలినట్టు చిటపట మొదలైంది. ప్రాణం పోయిన తేలు నరం. గంటన్నర మాట్లాడింది. నాకు ఒళ్ళు జలదరించింది. సంతోషం వల్ల అని రాయాలని ఉంది.

3 మార్చి

యూనివర్సిటీ నుంచి కాగితం వచ్చింది. జూన్ 30న రివ్యూ కమిటీ. హైదరాబాద్ నుంచి ముగ్గురు. పని నచ్చితే ఫెలోషిప్ ఇంకో మూడేళ్ళు. నచ్చకపోతే జూలై ఒకటి నుంచి నేను మాజీ సైంటిస్టును.

వాళ్ళు ఇంగ్లీషులో అడుగుతారు. నేను చెమటలో జవాబు చెబుతాను.

9 మార్చి

శివరాత్రికి ఇంటికి వెళ్ళాను. వేములవాడ బస్సుల టాపుల మీద కూడా జాగా లేదు. గుడిలో కోడెను కట్టే మొక్కు తీర్చడానికి వచ్చిన ఒకామెను మా ఊరి సత్రంలో తేలు కుట్టింది. బాపు వేపమండతో గంటసేపు దించాడు. నన్ను పక్కన నిలబడమన్నాడు. ఇద్దరు మంత్రగాళ్ళుంటే జల్ది దిగుతుందట. నిలబడ్డాను. పెదవులు కదిలించాను.

ఆమె లేచి కూర్చున్నాక బాపు జనానికి చెప్పాడు. మావోడు గూడ నరాల మీద పెద్ద సదువు సదువుతుండు, మంత్రం పనిచేసేది గూడ నరాల మీదనే గదా అని. ఎవని నరాలు బిడ్డా అని ఒక ముసలాయన అడిగాడు. జీవుల నరాలు తాతా అన్నాను. ఏ జీవులో అడగలేదు. ఆయనకు నూరేళ్ళు ఆయుష్షు.

మేడం చేస్తున్నదానికి తాడు తెగుతుందా? ఈ ప్రశ్న అడగడానికి రెఫరెన్సు పుస్తకం లేదు.

22 మార్చి

ఇవాళ ముందే వెళ్ళాను. ఏడున్నరకు. తలుపు సందు నుంచి చూశాను. మేడం కత్తెర పట్టుకుని, తేలు మీదికి వంగి, పెదవులతో ఏదో అంటున్నది. ఆమెకు కూడా మంత్రమేదైనా ఉందా అని చెవి పెట్టాను. మాఫ్ కర్ బాబా, మాఫ్ కర్ అని తేలును క్షమించమంటున్నది.

చప్పుడు చేయకుండా వెనక్కి వచ్చి, ఎనిమిదింటి దాకా క్యాంటీను దగ్గర నిలబడ్డాను.

12 ఏప్రిల్

ప్రతి శనివారం మేడం నాకు పాఠం పెడుతుంది. ఆ వారం చదివిన పేపరు మొదట తెలుగులో చెప్పాలి. మీ అవ్వకు చెప్పినట్టు చెప్పు అంటుంది. అవ్వ అంటే మా దగ్గర అమ్మ. తర్వాత అదే ఇంగ్లీషులో. తెలుగులో తడబడ్డ చోట ఇంగ్లీషులో దొంగతనం చేస్తున్నట్టేనట. పట్టుకుంటుంది. భూపాల్‌రావు కూడా వచ్చి వెనుక కూర్చుంటున్నాడు. వాడికీ ఇంగ్లీషు భయమేనని ఇన్నాళ్ళూ తెలియదు. ట్రాక్టర్లు దానికి పనికిరావు.

ఇవాళ ఎర్రతేలు గురించి. మహారాష్ట్ర నుంచి వచ్చిన పేపరు. నల్లతేలు నొప్పి పెట్టి వదిలేస్తుంది. ఎర్రది చిన్నదే, కానీ దాని విషం నరాల ద్వారా గుండెను పరిగెత్తించి పరిగెత్తించి చంపుతుంది. ముఖ్యంగా పిల్లలను. చల్లని చెమట, వాంతులు, చేతులు కాళ్ళు చల్లబడడం కనబడితే గంటలు లెక్క. రక్తపోటు తగ్గించే మాత్ర ఒకటి పనిచేస్తున్నదట.

మేడం చివర, గియ్యాల్ల చదివింది పరీక్షకు గాదు, యాదికుంచుకో అన్నది.

18 మే, ఉదయం 6, ఆసుపత్రి వరండా

చేతికి దొరికిన కాగితం మీద రాస్తున్నాను. రాయకపోతే కూర్చోలేను.

నిన్న మధ్యాహ్నం. నేను సెలవుకు ఇంట్లో ఉన్నాను. అక్క కనకవ్వ బిడ్డతో వచ్చి ఉంది. బిడ్డ పేరు స్వరూప. ఆరేళ్ళు. తాతకు సద్ది ఇవ్వడానికి షెడ్డుకు వెళ్ళి, నూలు చెత్త కుప్పలో చేయి పెట్టింది. కేక వినపడలేదు, సాంచల చప్పుడు. బయటికి పరిగెత్తుకొచ్చాకే తెలిసింది. కుట్టినదాన్ని నేను తర్వాత చూశాను. చిన్నది. ఎర్రది.

బాపు సాంచ బంద్ చేసి వేపమండ విరిచాడు. నేను వచ్చేసరికే మంత్రం మొదలైంది. షెడ్డు ముందు జనం. ఏడిదాక దిగింది తల్లీ అని బాపు అడుగుతున్నాడు. దిగలే తాతా అంటున్నది పిల్ల. కాసేపటికి ఆ మాట కూడా ఆగింది. వాంతి. ఇంకో వాంతి. నుదుటి మీద చెమట నీళ్ళలా కారుతోంది. చేయి పట్టుకున్నాను. మే నెల ఎండలో ఐసు డబ్బాలోంచి తీసినట్టుంది.

ఆసుపత్రికి పోదాం అన్నాను. అవ్వ నా చేయి పట్టుకుని లాగింది. మంత్రం షురువైనంక పొలిమేర దాటొద్దు, సూది పడొద్దు, దాటితే విషం మళ్ళి నెత్తికెక్కుతది అని నీకు తెల్వదా అన్నది. తెలుసు. ఆ కట్టుబాటు కూడా నాకు వాగులోనే చెప్పారు. అక్క ఏడుస్తూ బాపు వైపే చూస్తున్నది. నా వైపు చూడలేదు.

నేను చెప్పడం మొదలుపెట్టాను. విషం, నరం, గుండె. శనివారం చెప్పినట్టే, అవ్వకు చెప్పినట్టే తెలుగులో చెప్పాను. నిజంగానే అవ్వకు చెప్పాను. తడబడలేదు. ఒక్కరూ వినలేదు. జర ఆగు బిడ్డా, మీ బాపు దించుతడు అన్నారు. బాపు అడిగిందే మళ్ళీ మళ్ళీ అడుగుతున్నాడు. దిగుతలేదని ఆయనకు కూడా తెలుస్తున్నది. అయినా ఆపడు. ఆపితే మనవరాలిని వదిలేసినట్టు.

అప్పుడు అన్నాను.

బాపూ, మంత్రం లేదు. నేను తేళ్ళను చంపిన. ఒక్కటి గాదు. దినాం చంపుతున్న. నా సదువే గది. నీ మంత్రం ఎప్పుడో తెగింది.

జనం నుంచి ఎవరో నాగేంద్రా అని దేవునికి దండం పెట్టారు. అవ్వ నా చేయి వదిలేసింది. వేడివస్తువును వదిలినట్టు వదిలింది.

బాపు కొడతాడనుకున్నాను. కొట్టలేదు. నా చేతుల వైపు చూశాడు. ముఖం వైపు కాదు, చేతుల వైపు. తర్వాత వేపమండను మెల్లగా కింద పెట్టి, మంత్రమే లేనప్పుడు పొలిమేరేంది, పోరిని ఎత్తుకో అన్నాడు.

నూలు దింపడానికి వచ్చిన మెటాడోర్ వ్యాను ఎక్కాం. దారి పొడవునా బాపు పిల్ల పాదాలు రెండు చేతుల్లో పట్టుకుని రుద్దుతూ కూర్చున్నాడు.

డ్యూటీ డాక్టరు మాత్ర వేశాడు. సెలైన్ పెట్టాడు. ఇంకాసేపైతే ఊపిరితిత్తుల్లోకి నీళ్ళు వచ్చేవి అన్నాడు. గండం గట్టెక్కిందా అంటే సాయంత్రం చెప్త అన్నాడు.

ఒకటి రాయాలి. నేను ఒక్క తేలును కూడా చంపలేదు. ఈ రోజుకీ.

19 మే

స్వరూప ఇడ్లీ అడిగింది. ఒకటి తిని, రెండోది నా మీద విసిరింది.

25 మే

ఊళ్ళోనే ఉన్నాను. ఉండకపోతే బాగుండేది.

నిన్న పక్కవీధి నుంచి ఒకడు చేయి పట్టుకుని ఉరికొచ్చాడు, నల్లతేలు. బాపు గడపలోనే నిలబడి, మా ఇంట్ల మంత్రం లేదు, దవాఖానకు పో అన్నాడు. అతను నన్ను చూశాడు. గట్టు మీద ఆడవాళ్ళు నన్ను చూశారు. సదివిస్తే ఇంటి దీపమే ఆర్పిండు అని వినబడేంత మెల్లగా అనుకున్నారు.

బాపు నాతో మాట్లాడుతున్నాడు. తిన్నవా, బస్సెప్పుడు, అంతే. తిడితే ఏదో ఒకటి అని నవ్వించేవాణ్ని. తిట్టడం లేదు.

స్వరూప బతికింది. మళ్ళీ అదే పరిస్థితి వస్తే మళ్ళీ అదే అబద్ధం చెబుతాను. అయినా బాపుకు ఊళ్ళో ఉన్నది ఆ ఒక్క గౌరవమే. నేను దాన్ని అబద్ధంతో తీసేశాను.

2 జూన్, కరీంనగర్

మేడంకు చెప్పాను. చివరిదాకా విన్నది. తర్వాత, అంటే నా పాపాలన్ని నువ్వు దొంగతనం జేసినవ్ అన్నది. ఆమె జోకులు వేయదు. ఇది జోకో కాదో తెలియలేదు.

10 జూన్

కమిటీ ఛైర్మన్ దగ్గర నుంచి కబురు. రికార్డింగులు చూశారట, బాగున్నాయట. రివ్యూ రోజు అభ్యర్థి ప్రిపరేషన్‌ను మొదటి నుంచి తమ ముందే చేసి చూపాలట.

మొదటి నుంచి. అంటే కత్తెర నుంచి.

మేడం ఆ కాగితం రెండుసార్లు చదివి బల్ల మీద పెట్టింది. ఇంతమంది స్కాలర్లల్ల గిట్ల ఎవ్వరిని అడగలే, నిన్నే అడుగుతుండ్రు అన్నది. హెడ్ సారు గది వైపు చూస్తూ అన్నది. మరాఠీలో ఇంకేదో కూడా అన్నది.

నేను, మేడం, మీకెట్ల చేతనైతది దినాం అని అడిగాను. నాకు చేతనైతదని ఎవరు చెప్పిండ్రు, గజగజ వణుకుత, గందుకే ఎవరు రాకముందు వస్త అన్నది.

21 జూన్

మేడం పక్కన కూర్చుంది. తేలు ట్రేలో. కత్తెర పోయింది. ఆగింది. వెనక్కి వచ్చింది.

భూపాల్‌రావు చూశాడు. జోకు వేయలేదు. అది చూసి ఇంకా భయం వేసింది.

28 జూన్

ఇవాళ పదిన్నరకు నాగయ్య వచ్చి, మీ బాపట, కిందున్నడు అన్నాడు. ఇంట్లో ఎవరో పోయారనుకున్నాను. మెట్లు ఎలా దిగానో తెలియదు.

బాపు సైకిల్ స్టాండు దగ్గర నిలబడి ఉన్నాడు. ఉతికిన ధోవతి. చంకలో ఒక మట్టికుండ, మూతికి బట్ట కట్టి. లోపల గీకుడు చప్పుడు.

తేళ్ళు. వారం నుంచి రాళ్ళు ఎత్తి ఎత్తి పట్టాడట. మంత్రం ఎట్లాగు పాయె, నీ సదువుకన్న పనికొస్తయని తెచ్చిన అన్నాడు. తర్వాత నేల వైపు చూస్తూ, ఒకటి నా ముంగట కోయి, నీ పనేందో సూస్త అన్నాడు.

బాపు ల్యాబులోకి వచ్చాడు. చెప్పులు బయట విప్పాడు. మేడం లేచి స్టూలు జరిపి, కూసోండ్రి అన్నా అన్నది. కూర్చున్నాడు. మేడం నా వైపు చూసింది. నేను కోస్త అనడానికి ఆమె నోరు తెరవడం చూశాను. నేను తల అడ్డంగా ఊపాను. ఆమె కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది.

ఐసు డబ్బాలో తేలు మత్తులోకి పోయేదాకా ఆలోచించడానికి టైముంది. రెండే దారులు, కోయడమో నిజం చెప్పడమో. కోయలేకపోతే, నేను ఎన్నడూ కోయలేదని బాపుకు తెలిసిపోతుంది. నిజం చెప్పేస్తే చాలు. బాపూ, అది అబద్ధం, మన తాడు తెగలేదు అంటే చాలు. ఈ సాయంత్రమే ఊళ్ళో వేపమండ మళ్ళీ లేస్తుంది. గట్టు మీది ఆడవాళ్ళు లేచి నిలబడి దండం పెడతారు. ఆయన ముఖంలోకి పాత ముఖం వస్తుంది. నాలుక చివరి దాకా వచ్చింది, వేములవాడ రాజేశ్వరుని సాక్షిగా వచ్చింది.

వచ్చే ఎండాకాలం ఇంకో పిల్ల నూలు కుప్పలో చేయి పెడుతుంది. దాన్ని పొలిమేర దాటనివ్వరు.

చేతులు వణుకుతూనే ఉన్నాయి. మేడం కూడా రోజూ వణుకుతూనే చేస్తానని చెప్పింది. మాఫ్ కర్ బాబా అన్నాను. ఎవరితో అన్నానో తెలియదు. ఆ గదిలో ముగ్గురం ఉన్నాం, తేలుతో నలుగురం.

కోశాను.

బాపు కళ్ళు మూసుకోలేదు. ఒక్కసారి ఆయన కుడిచేయి మోకాలి మీద పైనుంచి కిందికి కదిలింది, దిగదుడుస్తున్నట్టు.

నాడి తీయడానికి చాలా సమయం పట్టింది. ఒకచోట గాటు పడింది. మేడం అయితే పడనిచ్చేది కాదు. ఎలక్ట్రోడు ఆనించి స్పీకరు ఆన్ చేశాను. చిటపట. బాపు స్టూలు మీద ముందుకు జరిగాడు. చచ్చింది గదా అన్నాడు. చచ్చింది బాపూ అన్నాను. మరి గదేమంటుంది అని అడిగాడు.

తెల్వదు బాపూ, గదే ఎతుకుతున్న అన్నాను.

చప్పుడు ఆగిపోయేదాకా కూర్చున్నాడు. ఇన్నేండ్లు నేను దానికి చెప్పుడే గని అదేమంటుందో ఎన్నడు ఇనలే అన్నాడు. లేచి, ధోవతి దులుపుకుని, స్వరూపకు గాజులు కొనాలె, బజారేడుంది అని అడిగాడు.

బస్సెక్కించి వచ్చాను. కుండ మాత్రం తిరిగి తీసుకోలేదు.

30 జూన్

కమిటీ ముందు కోశాను. ఇంగ్లీషులో మూడు తప్పులు మాట్లాడాను, వాళ్ళు నాలుగు మాట్లాడారు. మూడేళ్ళు ఇచ్చారు. మేడం గాజుసామాను కడుగుతూ ముఖం అటు తిప్పుకుంది. భూపాల్‌రావు జిలేబీ తెచ్చాడు. తినలేకపోయాను.

1 జూలై

పొద్దున గది నుంచి బయలుదేరుతూ, తేలు ఉందేమోనని చెప్పులు దులిపి తొడుక్కున్నాను. మంత్రమున్న ఇండ్లలో ఎవరూ దులపరు. పుట్టాక ఇదే మొదటిసారి.